దోర్నకల్ అజరయ్య బిషప్పుగారు

మన పాఠశాల సంచిక క్రిస్మస్ దినములలో మీ చేతికి వచ్చుచున్నది. ఈ దినములలో ఇండ్లకు సున్నము వేయుదురు. గుమ్మములకు కాగితపు నక్షత్రములు వ్రేలాడగట్టుదురు. పిల్లలకు క్రొత్త బట్టలు కుట్టింతురు. ఇవన్నియు సంతోషకరములే. అయినను పండుగ గడచి, నక్షత్రమును దింపి, బట్టలను పెట్టెలో మడిచిపెట్టిన తరువాత మనయందు క్రొత్తది ఏమి మిగులును? ఈ ప్రశ్నకు ఉపదేశముతో గాక ఒక జీవితముతో ఉత్తరము చెప్ప దలంచితిమి. ఆ జీవితము దోర్నకల్ ప్రథమ బిషప్పు వేదనాయకము శామ్యూల్ అజరయ్యగారిది.

వారి చరిత్రను ఈ కాలమునకై యెన్నుకొనుటకు రెండు కారణములు గలవు. మొదటిది, వారి జీవితములోని ముఖ్య ఘట్టములు కొన్ని క్రిస్మస్ పండుగనాడును, దానిని వెన్నంటి వచ్చు దినములలోను జరిగినవి. అవి యేవియో చదువరులు ముందు ముందు చూడగలరు. రెండవది, వారు పాటుపడిన ఊరు మన బొగ్గుగనుల సీమకు వాకిలి వంటిది.

ఈ రెండవ కారణమును ముందుగా వివరింతుము. 1871వ సంవత్సరమున భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగ్ దొరగారు ఇల్లందు ప్రాంతమున బొగ్గు గలదని కనుగొనిరి. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ యేర్పడెను. 1889లో ఇల్లందున బొగ్గు త్రవ్వకము ఆరంభమయ్యెను. ఆ బొగ్గు తరలిపోవు రైలుమార్గముమీద దోర్నకల్ ఒక జంక్షనుగా నేర్పడెను. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో నెలకొనెను. నేటికిని మన తల్లిదండ్రులు ఆ దినమును సింగరేణి దినోత్సవముగా జరుపుకొందురు. మన రామగుండము ప్రాంతపు గనులు 1960 దరిదాపుల తెరవబడినవి. గోదావరిఖని పట్టణము ఆ గనులతోనే పెరిగినది. కావున అజరయ్యగారు మన పట్టణమును ఎరుగరు. అయినను ఇల్లందు బొగ్గును మోయు బండ్లు కూతవేయుచు పోవు ఊరిలోనే వారు తమ జీవితములో ముప్పదియైదు సంవత్సరములు గడపిరి. నేడును మనము రామగుండములో రైలెక్కి కాజీపేట, వరంగల్లు మీదుగా పోయినచో దోర్నకల్ చేరుదుము.

అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తమిళదేశమున తిరునెల్వేలి జిల్లాలోని వెళ్ళాలన్విళై అను చిన్న గ్రామమున జన్మించిరి. అది తాటిచెట్ల సీమ. వారు నాడారు కులస్థులు. ఆ కులమువారిలో అనేకులు తాటిచెట్లెక్కి జీవనము చేయువారు. ఆ కాలమున పై కులములవారు వారిని మిక్కిలి తక్కువగా చూచుచుండిరి. కొన్ని వీధులలో నడువనీయరు, దేవాలయములలో ప్రవేశింపనీయరు. అజరయ్యగారి తండ్రి థామస్ వేదనాయకముగారు మిషను పాఠశాలలో చదివి, క్రైస్తవులై, పిమ్మట గ్రామ సంఘ గురువైరి. తల్లి ఎల్లెన్ అమ్మగారు భక్తియందును క్రమశిక్షణయందును దృఢమైన స్త్రీ. ఒక మిషను పాఠశాల ఆ కుటుంబమును ఎంత మార్చెనో, మిషను పాఠశాలలో చదువుకొను మన పిల్లలు గమనింపవలెను.

అజరయ్యగారు తిరునెల్వేలిలో చదివిన తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరి గణితశాస్త్రమును అభ్యసించిరి. చదువులో చురుకైనవారే గాని, తుది పరీక్ష సమయమునకు వ్యాధిగ్రస్తులైరి. పరీక్ష వ్రాయలేదు, పట్టము రాలేదు. ఆ దినములలో బి.ఎ. పట్టము గలవాడు సర్కారు కొలువులో సుఖముగా నుండెడివాడు. పట్టము లేనివానికి ఆ ద్వారము మూయబడెడిది. అజరయ్యగారు దానికై కృంగిపోక, 1895లోనే వై.ఎం.సి.ఎ. అను క్రైస్తవ యువజన సమాజపు పనిలో ప్రవేశించి, దక్షిణ భారతదేశమంతట తిరిగి యువకులకు బోధించిరి. పట్టము లేని ఆ మనుష్యునికే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు పట్టమును ఇచ్చెను. పరీక్షలో తప్పినందున జీవితమే ముగిసినదని తలంచు విద్యార్థి యెవడైన మన మధ్య నున్నయెడల ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనును గాక.

1898లో వారు అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడిరి. దక్షిణ భారతదేశమున కళాశాల విద్యనభ్యసించిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె యొకరు. దోర్నకల్ సేవలో ఆమె భాగము భర్తగారి భాగమునకు తక్కువైనది కాదు.

1902లో అజరయ్యగారు సింహళ ద్వీపమున యాళ్పాణమునకు పోయిరి. దానిని ఇంగ్లీషువారు జాఫ్నా యందురు. అక్కడి తమిళ క్రైస్తవులు సంఖ్యలో కొద్దివారయ్యును, తమ సొంత ధనముతో తమలోనివారినే సువార్తికులుగా ఇతర స్థలములకు పంపుచుండుట చూచిరి. ఆ దృశ్యము వారి మనస్సున నాటుకొనెను. తిరునెల్వేలిలో క్రైస్తవులు వేలకొలది యుండిరి. వారు నూరేండ్లుగా ఇంగ్లీషు మిషనరీల వలన బడులు, గుడులు, వైద్యము పొందుచుండిరి. పొందుటయే గాని ఇచ్చుట నేర్చుకొనలేదు. ఎల్లప్పుడు పుచ్చుకొను చేయి బలహీనమగునని, ఇచ్చినప్పుడే సంఘము తన కాళ్లమీద నిలువగలదని అజరయ్యగారు గ్రహించిరి. ఆ గ్రహింపే వారి తక్కిన జీవితమునకు మూలమని మా అభిప్రాయము.

మరుసటి సంవత్సరము 1903 ఫిబ్రవరి 12న తిరునెల్వేలి క్రైస్తవులు ఇండియను మిషనరీ సంఘమును స్థాపించిరి. దానికి ధనము ఇచ్చువారు భారతీయులే, పోవు సేవకులు భారతీయులే, నడుపువారును భారతీయులే. వారు తమ సేవకై యెన్నుకొన్న స్థలము నైజాము రాజ్యములోని దోర్నకల్ ప్రాంతము. తమిళులు తెలుగువారి యొద్దకు వచ్చిరి. వారికి ఇక్కడ బంధువులు లేరు, భాష రాదు, లాభము లేదు. అయినను వచ్చిరి.

ఇప్పుడు మొదటి క్రిస్మస్ సంగతి చెప్పుదుము. 1905 డిసెంబరు 25న బెంగాలులోని సీరాంపూరులో, విలియం కేరీగారి పేరుగల గ్రంథాలయమందు, భారతదేశపు నానా ప్రాంతముల నుండి వచ్చిన క్రైస్తవులు సమావేశమైరి. తెలుగువారికి ఆ స్థలము క్రొత్తది కాదు. కేరీగారు 1814లో మన భాషకు వ్యాకరణమొకటి అక్కడనే ప్రకటించిరి. ఆ క్రిస్మస్ దినమున నేషనల్ మిషనరీ సంఘము అక్కడ జన్మించెను. దాని స్థాపకులలో అజరయ్యగారు ముఖ్యులు. తక్కిన లోకము పండుగ విందులలో నుండగా, వారు తమ దేశ క్రైస్తవులు తమ దేశమునకు ఏమి ఇయ్యవలెనని ఆలోచించుచుండిరి. దేవుడు తన కుమారుని లోకమునకు ఇచ్చిన దినమున, పొందినవారు ఇచ్చువారగుటకు నిశ్చయించుకొనిరి. ఆ పండుగను ఆచరించుటకు ఇంతకంటె తగిన విధము మాకు తోచదు.

అజరయ్యగారు ఇతరులను పంపుటతో తృప్తి చెందలేదు. ముప్పదియైదు సంవత్సరముల వయస్సున, పేరును గౌరవమును గల సమాజ కార్యదర్శి పదవిని విడిచి, 1909లో అభిషేకము పొంది, సామాన్య మిషనరీగా దోర్నకల్ వచ్చిరి. మద్రాసులో మహాసభల యెదుట మాటలాడిన మనుష్యుడు చిన్న పిల్లవానివలె తెలుగు అక్షరములు దిద్దవలసి వచ్చెను. దిద్దిరి; నేర్చిరి; ఆ భాషలోనే పల్లెవారికి బోధించిరి.

1910లో స్కాట్లండు దేశపు ఎడింబరో నగరమున ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. ప్రతినిధులలో అధిక సంఖ్యాకులు ఐరోపా, అమెరికా ఖండములవారు. ఆసియావారు వ్రేళ్ల మీద లెక్కింపదగినంత మంది. అజరయ్యగారు లేచి, మిషనరీలు భారతదేశమునకు చేసిన త్యాగమునకు కృతజ్ఞత తెలిపిరి. అంతటితో నిలువక, వారు భారతీయులకు ధనమిచ్చిరిగాని తమతో సమానముగా కూర్చుండబెట్టుకొని స్నేహము చేయలేదని నిర్మొగమాటముగా చెప్పిరి. సభలో కొందరికి కోపము వచ్చెను, కొందరికి సిగ్గు కలిగెను. ఆ మాటలు నేటికిని లోకమందలి సంఘములలో జ్ఞాపకము చేసికొనబడుచున్నవి. మిషను సేవలో నున్న మేము వానిని మా కొరకే చెప్పబడిన మాటలుగా ఎంచవలెను. బీదవానికి బియ్యపు మూట నిచ్చుట సులభము. వాని ఇంట చాపమీద కూర్చుండి వాని చేతి అన్నము తినుట అంత సులభము కాదు.

రెండవ సంగతి 1912వ సంవత్సరపు క్రిస్మస్ కాలమున జరిగెను. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ దొరగారు అజరయ్యగారిని బిషప్పుగా చేయవలెనని తలపెట్టినప్పుడు, అనేకులు అడ్డు చెప్పిరి. భారతీయుని అధికారము క్రింద ఇంగ్లీషువారు పని చేయుటయా యని కొందరు మిషనరీలు గొణగిరి. తక్కువ కులమున పుట్టినవాడు బిషప్పగుటయా యని భారతీయులలోనే కొందరు సణగిరి. అయినను పండుగ గడచిన నాలుగవ దినమున, 1912 డిసెంబరు 29 ఆదివారమున, కలకత్తాలోని సెయింట్ పాల్ దేవాలయములో వారికి బిషప్పుగా అభిషేకము జరిగెను. ఆంగ్లికను సంఘములో భారతీయుడు బిషప్పగుట అదియే మొదటిసారి. అప్పటికి వారి వయస్సు ముప్పదియెనిమిది సంవత్సరములు. ప్రభువు రాజభవనమున గాక పశువుల తొట్టియందు పరుండెనని ప్రకటించు వారములోనే, తాటిచెట్ల గ్రామపు బిడ్డ ఆ పీఠమునకు పిలువబడెను.

దోర్నకల్ అధ్యక్షఖండము మొదట చిన్నది. 1920 తరువాత కృష్ణా తీరపు సంఘములు మొదలైనవియు దానిలో చేరి మిగుల విశాలమయ్యెను. బిషప్పుగారు ఎద్దులబండి మీదను, కాలినడకను పల్లె పల్లెకు తిరిగిరి. వారి యొద్దకు వచ్చినవారిలో అధికులు మాల, మాదిగ కులములవారు. అనగా ఊరి వెలుపల నివసించి, ఊరి బావిలో నీళ్లు తోడుకొను హక్కు లేక, తరతరములుగా వెట్టి చేసినవారు. మాకు నిరీక్షణ కలదు అను మాటయే వారి నోట పలుకబడి యుండదు. వారిలో వేలకొలది జనులు బాప్తిస్మము పొందిరి. 1935 నాటికి ఆ అధ్యక్షఖండమున 250 మంది భారతీయ గురువులును, 2,000 మందికి పైగా గ్రామోపాధ్యాయులును పని చేయుచుండిరి. వైద్యశాలలు, పరస్పర సహాయ సంఘములు, అచ్చుకూటములు కూడ నుండెను.

ఈ సంఖ్యల కంటె ముఖ్యమైనది ఆ పని జరిగిన తీరు. బిషప్పుగారు క్రొత్తగా చేరినవారిని దయకు పాత్రులైన దీనులుగా మాత్రమే చూడలేదు. బాప్తిస్మము పొందినవాడు తన తలమీద తన చేయి యుంచుకొని, తాను సువార్తను ఇతరులకు చెప్పక మానినచో తనకు శ్రమయని అపొస్తలుడగు పౌలువలె ఒప్పుకొను ఆచారమును వారు ప్రవేశపెట్టిరి. చదువురాని కూలివాడు కూడ తాను పొందిన మేలును మరియొకనికి చెప్పగల మనుష్యుడని దాని యర్థము. నిన్నటివరకు ఎవరును మాట అడుగని మనుష్యుని సాక్షిగా నిలువబెట్టుట కంటె నూతన జన్మము వేరే యేమి గలదు?

ఇచ్చుటను గూర్చియు వారట్లే బోధించిరి. క్రైస్తవుల దానధర్మమును గూర్చి వారొక పుస్తకమునే వ్రాసిరి. మిషను ధనముతోనే గుడి కట్టింపవలెనని కూర్చున్న సంఘము ఎన్నడును లేవదని వారి నిశ్చయము. వంటకు బియ్యము పోయునప్పుడు పిడికెడు బియ్యము తీసి ప్రభువు పేరిట వేరుగా ఉంచు అలవాటు మన తెలుగు సంఘముల యిండ్లలో ఎంతటి ఫలము నిచ్చినదో పెద్దలకు తెలియును. పంట పండుగలకు ధాన్యము, కోళ్లు, గ్రుడ్లు, కూరగాయలు తెచ్చి అర్పించుటయు అట్టిదే. ఆకలి ఎరిగిన యింటి నుండి వచ్చిన పిడికెడు బియ్యము రాజు ఇచ్చిన బంగారు నాణెమునకు తీసిపోదు.

బిషప్పుగారు గ్రామములయందు నాలుగు శత్రువులను గుర్తించిరి. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అనునవే ఆ నాలుగు. ఆత్మకు రక్షణ చెప్పి శరీరమును మురికికిని, ఇంటిని షావుకారుకును, తండ్రిని కల్లు కుండకును విడుచుట వారికి సరిపడలేదు. వీనిని ఎదిరించుటలో అన్బు మరియమ్మాళ్ గారు తల్లుల సంఘము ద్వారా స్త్రీలను సమకూర్చి, పిల్లల పెంపకమును, ఇంటి శుభ్రతను గూర్చి బోధించిరి. తాగివచ్చు భర్తకు భయపడు స్త్రీ ఆ సంఘములో తన వంటి వారిని కలిసికొని ధైర్యము తెచ్చుకొనెను.

వారి సేవలో కష్టములు లేవని మేము చెప్పజాలము. బాప్తిస్మపు నీటితో కులము కడుగుకొని పోలేదు. మాల సంఘమువారును మాదిగ సంఘమువారును ఒకే బల్లయొద్ద ప్రభురాత్రి భోజనమునకు కూర్చుండుటకు సందేహించిన చోట్లు గలవు. బిషప్పుగారు దీనిని సహింపక కఠినముగా గద్దించిరి. కొన్ని చోట్ల గెలిచిరి, కొన్ని చోట్ల గెలువలేదు. వారి కాఠిన్యమును గూర్చి సణగినవారును ఉండిరి. ఆ పోరాటము నేటికిని మన సంఘములలో ముగియలేదని ఒప్పుకొనుట సత్యమునకు తగినది. పెండ్లి సంబంధము మాటలాడునప్పుడు మొదట అడుగబడు ప్రశ్న ఏదియో పెద్దలకు తెలియును.

దేశ రాజకీయములలోను వారికి పరీక్ష కలిగెను. క్రైస్తవులకు ప్రత్యేక నియోజక వర్గములు ఇత్తుమని సర్కారువారు చెప్పినప్పుడు, అనేకులు దానిని లాభముగా ఎంచిరి. అజరయ్యగారు వ్యతిరేకించిరి. క్రైస్తవులు దేశములో వేరొక కులమువలె గోడ కట్టుకొని కూర్చుండరాదనియు, ఇరుగుపొరుగువారి సద్భావమును నమ్మి జీవింపవలెననియు వారి వాదము. మరియొకవైపున, 1930 తరువాతి సంవత్సరములలో మహాత్మా గాంధీగారు హరిజనుల సామూహిక మతాంతరమును విమర్శించిరి. ఇద్దరును దేశభక్తులే, ఇద్దరును అంటరానితనమును ద్వేషించినవారే. అయినను బీదవాడు తన మనస్సాక్షి ననుసరించి తన విశ్వాసమును తానే యెన్నుకొనగలడని, వానికి ఆ స్వాతంత్ర్యమును ఎవరును తీసివేయరాదని అజరయ్యగారు నిలిచిరి. మహాత్ములయెడల గౌరవము విడువక, తమ నిశ్చయమును కూడ విడువలేదు. భిన్నాభిప్రాయము గలవారు ఎట్లు మెలగవలెనో దీనివలన మన విద్యార్థులు, వారు ఏ మతస్థులైనను, నేర్చుకొనవచ్చును.

సంఘైక్యతను గూర్చి వారు పడిన పాటును కూడ చెప్పవలెను. 1919 మే నెలలో తరంగంబాడిలో పలు మిషనుల సేవకులు కూడుకొనగా, ఆ సభను నడపినవారిలో అజరయ్యగారు ముఖ్యులు. ఇంగ్లీషువారి చరిత్రలో పుట్టిన భేదములను తెలుగు పల్లెలో కాపాడుట వారికి అర్థము లేని పనిగా తోచెను. ఒక వాడలో ఒక మిషను, ప్రక్క వాడలో మరియొక మిషను, నడుమ కులభేదము: ఈ మూడు కలిసినచో సంఘము ముక్కలుగా పోవునని వారు చూచిరి. ఇరువదియైదు సంవత్సరములు సభలలోను, లేఖలలోను, ప్రయాణములలోను ఆ యైక్యతకై పాటుపడిరి.

మూడవ సంగతి 1938 క్రిస్మస్ కాలముతో ఆరంభమగును. ఆ డిసెంబరు నెలలో మద్రాసు దగ్గరి తాంబరములో ప్రపంచ మిషనరీ మహాసభ కూడెను. ఎడింబరోలో ఆసియావారు అతిథులు. తాంబరములో వారే గృహస్థులైరి. ఇరువదియెనిమిది సంవత్సరములలో లోకము అంత మారెను. ఆ సభ ముగిసిన కొలది దినములకు, 1939 జనవరి 6న, ప్రత్యక్షతా పండుగనాడు, దోర్నకల్ ప్రధాన దేవాలయము ప్రతిష్ఠింపబడెను. దాని కట్టడము ధనము చాలక అనేక సంవత్సరములు సాగెను. దాని స్తంభములు హిందూ దేవాలయ మండపములను, గుమ్మటములు మసీదులను తలపునకు తెచ్చును. ఇంగ్లండులోని గుడికి నకలు కట్టక, ఈ నేల శిల్పులు ఎరిగిన రీతిలో కట్టిరి. దానికి ప్రత్యక్షతా దేవాలయమని పేరు పెట్టిరి. ప్రత్యక్షతా పండుగ ఏమనగా, తూర్పుదేశపు జ్ఞానులు నక్షత్రమును వెంబడించి వచ్చి, బంగారు సాంబ్రాణి బోళములను శిశువునకు అర్పించిన దినము. వారు పరదేశులు, ఎవరును పిలువనివారు, అయినను కానుకలతో వచ్చిరి. ఊరి వెలుపలివారని పేరుపడిన జనుల కానుకలతో కూడ లేచిన గుడికి అంతకంటె తగిన పేరు లేదు.

ఆరు సంవత్సరములకు మరల క్రిస్మస్ కాలము వచ్చెను. లోకమంతట యుద్ధము సాగుచుండెను. బిషప్పుగారు డెబ్బదేండ్లవారైరి. స్వల్పకాల మస్వస్థులై యుండి, 1945 జనవరి 1న, నూతన సంవత్సరపు మొదటి దినమున, దోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించిరి. తమ జన్మగ్రామమునకు పోక, తాము ప్రేమించిన తెలుగువారి నడుమనే మట్టిలో చేరిరి. వారు కోరిన సంఘైక్యతను కన్నులార చూడలేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడునప్పటికి వారు గతించి రెండు సంవత్సరములు దాటెను. విత్తినవాడు వేరు, కోసినవారు వేరు. విత్తువానికి పంట కనబడదు. మంటిలో వేసిన గింజ మొలచునను నమ్మకముతోనే వాడు విత్తును. నిరీక్షణ యనగా ఇదియే.

ఈ జీవితము మనకేమి చెప్పుచున్నది? వారి పండుగ దినములను మరల వరుసగా చూడుడు. 1905 డిసెంబరు 25న ఒక సంఘము జన్మించెను. 1912 డిసెంబరు 29న ఒక సేవకుడు పిలువబడెను. 1939 జనవరి 6న ఒక గుడి తెరవబడెను. 1945 జనవరి 1న ఒక పని ఇతరుల చేతికి అప్పగింపబడెను. ఈ నాలుగింటిలోను ఒక్కటే సంగతి గలదు. పుచ్చుకొన్నవాడు ఇచ్చువాడాయెను. మనుష్యుడు నూతనపరచబడెనని తెలియుటకు క్రొత్త బట్టలు గురుతు కావు. మూసికొని యున్న చేయి తెరచుకొనుటయే గురుతు.

మన సీమలో ఈ మాటకు ప్రత్యేకమైన అవసరము గలదు. మన పిల్లల తండ్రులు అనేకులు బాయి పనికి పోవువారే. క్రిస్మస్ రాత్రి గుడిలో పాటలు పాడబడుచుండగా, రాత్రి షిఫ్టువారు తలకు దీపము తగిలించుకొని భూమిలోనికి దిగుదురు. కొన్ని భూగర్భ గనులు మూతపడినవి. ఓపెన్‌కాస్టు గనులు పెరిగినవి. తండ్రి చేసిన పని కుమారునికి దొరకునో లేదో యను చింత ప్రతి యింటను గలదు. అప్పు, త్రాగుడు అను ఆ పాత శత్రువులు గని కార్మికుల వాడలను విడిచిపోలేదు. పండుగ పేరిట అప్పుచేసి, పండుగ పేరిట త్రాగి, జనవరి మాసమున పిల్లల ఫీజులకు వెదకుకొను ఇండ్లు గలవు. అజరయ్యగారు నేడు మన వాడకు వచ్చినయెడల నక్షత్రమును చూచి సంతోషించి, తరువాత అప్పుల పుస్తకమును చూపుమని అడుగుదురని మాకు తోచుచున్నది.

కావున తల్లిదండ్రులతో వినయముగా మనవి చేయుచున్నాము. ఈ పండుగకు ఇంటిలో ఒక సీసా తక్కువ కానిండు, ఒక అప్పు తక్కువ కానిండు. పిల్లలకు అదియే క్రొత్త వస్త్రము. మిషను సేవకులమైన మేము ఎడింబరో మాటను మరువక, మా విద్యార్థుల ఇండ్లకు ఉపదేశించుటకు మాత్రమే గాక స్నేహముతో పోవుటకు ప్రయత్నింతుము.

ప్రియ బాలబాలికలారా, మీయొద్ద ధనము లేదని మాకు తెలియును. అజరయ్యగారి సంఘస్థుల యొద్దను లేదు. అయినను మీరు ఇయ్యగలది కలదు. లెక్క రాని స్నేహితునికి ఒక గంట లెక్క చెప్పవచ్చును. ఎవరును ప్రక్కన కూర్చుండని పిల్లవాని ప్రక్కన కూర్చుండవచ్చును. అన్నము డబ్బా తేని పిల్లతో మీ అన్నము పంచుకొనవచ్చును. చదువురాని అవ్వకు పింఛను కాగితము చదివి వినిపించవచ్చును. మీలో హిందువులు, ముసల్మానులు, క్రైస్తవులు అందరును గలరు. ఈ పనులకు మతభేదము లేదు. పిడికెడు బియ్యము చిన్నదే. అట్టి పిడికెళ్లే కూడి ఒక సంఘమును నిలిపినవి.

నక్షత్రమును దింపు దినము వచ్చును. అది దింపబడిన తరువాతను వెలుగు మీ యిండ్లలో నిలిచియుండును గాక. మన పాఠశాల విద్యార్థులకును, తల్లిదండ్రులకును, సేవకులందరికిని క్రిస్మస్ శుభములును, నూతన సంవత్సరపు నిరీక్షణయు కలుగవలెనని దేవుని ప్రార్థించుచున్నాము.